మోటార్ల షాపు దొర

విశాఖపట్నం,
12 జూన్ 2002.

ఒసే సత్యా,

బతికే ఉన్నావా? ఏప్రిల్లో "పెళ్లిచూపులకి వస్తున్నారట" అని కార్డు ముక్క పడేశావు. ఆ తర్వాత ఉలుకూ లేదు, పలుకూ లేదు. వచ్చినవాళ్లు నిన్ను సంచిలో వేసుకుని పోయారేమో అని మా అమ్మ అడుగుతోంది. పూర్ణా మార్కెట్లో చేపల బుట్ట ముందు కూర్చుని కూడా మా అమ్మ జోగులమ్మగారికి నీ ధ్యాసే. ఎస్టీడీ బూత్ నుంచి ఫోను చెయ్యొచ్చు కదా అనకు. వెనకాల నలుగురు నిలబడి చెవులు రిక్కించి వింటుంటే నేనేం మాట్లాడను?

దీంతో పాటు ఒక పార్సెలు పంపుతున్నాను. నేను పనిచేసే అద్దె పుస్తకాల షాపుకి పాత ఇంగ్లీషు పుస్తకాల మూట ఒకటొచ్చింది. అందులో దొరికింది. అట్ట వెనక చదవగానే కెవ్వున అరిచాను. బీఏ ఆఖరి ఏడు మనకి పాఠం పెట్టిన ఆ పాత నవల లేదూ, రెండొందల ఏళ్ల నాటి ఇంగ్లండు దొరలూ, నాట్యాల విందులూ, గుర్రబ్బళ్లూ, ఎవరికెవరితో పెళ్లనే గొడవా? నువ్వు సగం చదివి, నేను గైడు చదివి, ఒకరికొకరం చెప్పుకుని గట్టెక్కాం కదా. ఆ కథనే ఎవరో ఈ కాలానికి తిప్పి రాశారు! గుర్రబ్బండి పోయి కారు వచ్చింది. బంగళా పోయి లండన్లో ఆఫీసు వచ్చింది. ఆ పిల్ల ఇప్పుడు ఉద్యోగం చేస్తోంది. దొర ఆమెకి పైఆఫీసరు.

కానీ మూలం అదే. డబ్బున్నవాడు, నోట మాట రానివాడు. ఆ పిల్లేమో నోరున్న పిల్ల. నలుగురిలో వాడు ఒకసారి మర్యాద తప్పుతాడు, ఈవిడ మనసులో పెట్టుకుంటుంది. వాడొచ్చి పెళ్లాడతావా అంటే ఫో అంటుంది. తర్వాత వాడు అలాంటివాడు కాదని తెలిసి, పైకి చెప్పలేక కుమిలిపోతుంది. ఆఖరికి వాడే మళ్లీ అడుగుతాడు. అంతే కదా కథ! అంత చిన్న కథని రెండొందల ఏళ్లుగా ఎందుకు వదలటం లేదో చదివి నువ్వు చెప్పు.

పెళ్లిచూపుల సంగతి రాయకపోతే ఈసారి పుస్తకం పంపను.

నీ
భవాని

నర్సీపట్నం,
9 జూలై 2002.

భవానికి,

పుస్తకం అందింది. రెండు రాత్రుల్లో అవగొట్టాను. నాన్న "కరెంటు బిల్లు నీ మావ కడతాడేటే" అని ఒకటే సణుగుడు.

నేనిప్పుడు మా పిన్ని దేవుడమ్మ జీడిపిక్కల షెడ్డుకి వెళ్తున్నాను. టీచరు పరీక్ష ఎప్పుడు పెడతారో దేవుడికే ఎరుక, ఇంట్లో కూర్చుంటే మా మరిడమ్మ మామ్మ నన్ను చూసి నిట్టూర్పులు విడుస్తోంది. అందుకని షెడ్డులో ఆడవాళ్ల మధ్య కూర్చుని నేనూ పప్పు మీద పొట్టు తీస్తున్నాను. వేళ్ల నిండా మచ్చలు పడ్డాయిలే. రోజంతా రేడియో మోగేది. అది పోయిన నెల చచ్చింది. చేతులు ఆడుతుంటే నోళ్లు ఊరుకుంటాయా? "ఒలమ్మీ, నువ్వు సదువుకున్నావు కదేటి, ఒక కత సెప్పు" అని కామమ్మ పట్టుకుంది.

నీ లండన్ కథ మొదలుపెట్టాను. పావుగంట కూడా నడవలేదు. "పైఆఫీసరు ఆడి కింద పన్జేసే గుంటనెలా సేసుకుంటాడు, ఆడికి మేనరికం నేదా?" అంటుంది కామమ్మ. "మంచు పడతాదంటన్నావు, మరి ఆల్లు నూలు సీరలు కట్టుకుంటారేటి?" అంటుంది రామాయమ్మ. ఇలా కాదని లండన్ని తీసుకొచ్చి ఇక్కడ పెట్టేశాను. నాట్యాల విందు తీసేసి మన బలిఘట్టం తీర్థం, ఆ జాతర సందడి పెట్టాను. దొరది నాతవరం అన్నాను. ఇంక చూడు, ఒక్కరు కిక్కురుమంటే ఒట్టు!

పెళ్లిచూపులా? రాసేటంత ఏం లేదు. సంబంధం మాకు నచ్చలేదు. నాతవరం వాళ్లు. అబ్బాయికి పొలాల మోటార్లు బాగుచేసే షాపుందట, పేరు సోమేశ్. మనిషికి మహా పొగరు. మామ్మ కర్ర పట్టుకుని గదిలోకొస్తే అందరూ లేచారు, తను మాత్రం గోడకి చేరబడి బొమ్మలా కూర్చున్నాడు. మా ఇంట్లో మామ్మొస్తే ఎమ్మార్వో అయినా లేవాలి. "పెద్దోలొస్తే నెగనోడు రేపు దీన్నేటి సూత్తాడు" అని నాన్న ఆ సాయంత్రమే వద్దని కబురు పంపేశారు. అయిపోయింది. దాని గురించి అడగకు.

ఇంకో పుస్తకం ఉంటే పంపు. వీళ్లు నన్ను బతకనివ్వటం లేదు.

సత్య

విశాఖపట్నం,
3 ఆగస్టు 2002.

సత్యా,

నీ ఉత్తరం షాపులో చదువుతూ నవ్వుతుంటే ఓనరు నన్ను పిచ్చిదాన్ని చూసినట్టు చూశాడు. లండన్ దొరని నాతవరం దింపావా! ఇంగ్లీషువాళ్లు మనల్ని ఇన్నేళ్లు ఏలినందుకు ఇప్పటికి తీరింది.

ఇంకో రెండు పంపుతున్నాను. ఒకటి బొంబాయిలో జరుగుతుంది. ఇందులో ఆ పిల్ల బేకరీ నడుపుతుంది, వాడేమో ఆ బిల్డింగు కొనేసి ఖాళీ చేయమంటాడు. రెండోది అమెరికా కాలేజీ కథ, అది నాకంత నచ్చలేదు, దొరగారు బాస్కెట్‌బాల్ ఆడతాడు. మూడూ పక్కపక్కన పెట్టి చూశాను. ఊరు మార్చారు, బట్టలు మార్చారు, ఉద్యోగాలు మార్చారు. కానీ ఆ మొదటిసారి కాదనటం ఉంది చూశావా, దాన్ని మాత్రం ఒక్కరూ ముట్టుకోలేదు. అది తీసేస్తే కథే లేదు. తెలిసీ తెలియకుండా ఒక మనిషిని తోసేశాక ఆ తర్వాత ఎలా బతకాలన్నదే వాళ్లందరికీ కావాలి.

సరే, అసలు సంగతికొస్తా. నువ్వు ఆడవాళ్లకి ఏం చెబుతున్నావో వివరంగా రాయమని నేను మధ్యలో కార్డు వేస్తే, జవాబు కార్డులో రాశావు కదా. నీ దొర తాండవ రిజర్వాయరు గట్టు మీద నడుస్తాడు, బాగుంది. మీసం సన్నగా ఉంటుంది, బాగుంది. మాట్లాడే ముందు ఒకసారి గొంతు సవరించుకుంటాడు, అదీ బాగుంది. దొరకి మోటార్ల షాపెందుకే?

గుమ్మడికాయల దొంగ ఎవరంటే భుజాలు తడుముకునే రకం నువ్వు. "అడగకు" అన్నావు కాబట్టి అడుగుతున్నాను. మీ నాన్నగారు వద్దన్నారు. మీ మామ్మ వస్తే అతను లేవలేదు. ఇవన్నీ రాశావు. నిన్నెవరైనా అడిగారా?

భవాని

నర్సీపట్నం,
11 సెప్టెంబరు 2002.

భవానీ,

నీకు పనిలేదా? మోటార్ల షాపంటే వీళ్లకి అర్థమవుతుందని పెట్టాను. ఎస్టేటంటే ఏం తెలుస్తుంది వాళ్లకి? ఆ మాత్రానికే పీకి పాకం పెడతావు. నీలాంటి స్నేహితురాలుంటే పోలీసులక్కర్లేదు.

నన్నెవరూ అడగలేదు. ఎవరి ఇంట్లో అడుగుతారు? నీ ఇంట్లో అడిగారా? ఆ సంగతి వదిలేయ్.

కథ మాత్రం బ్రహ్మాండంగా నడుస్తోంది. పక్క షెడ్డు వాళ్లు కూడా మధ్యాహ్నం కేరేజీలు పట్టుకుని మా దగ్గరికే వచ్చేస్తున్నారు. బొంబాయి పుస్తకంలోంచి కొంత, పాత నవల్లోంచి కొంత, నా బుర్రలోంచి కొంత కలిపేస్తున్నాను. దొర తీర్థంలో ఆ పిల్ల వాళ్ల పెద్దావిడ ఎదురొస్తే దణ్ణం పెట్టలేదని చెప్పినప్పుడు చూడాలి! "నిలువునా పాతెయ్యాల ఎదవని" అని రామాయమ్మ. "నీకేటి తెలుసు, ఆడి కష్టమేటో" అని ఇంకో వైపు నుంచి రాజులమ్మ. ఈ రాజులమ్మ మొన్న శ్రావణంలోనే కొత్తగా చేరింది. ఎప్పుడూ నోరు మెదపదు, ఆ రోజు మాత్రం దొర తరఫున వకాల్తా పుచ్చుకుంది.

మొన్న ఆ పిల్ల మనసు మారే ఘట్టం చెప్పాను. రాత్రి ఇంట్లో కూర్చుని ఎంత బుద్ధితక్కువ పని జరిగిందా అని ఏడుస్తుంది కదా, అది. చెబుతుంటే నా కళ్లల్లోనే నీళ్లు తిరిగాయి, ఎందుకో తెలీదు. రాజులమ్మ పొట్టు తీయటం ఆపేసి, "అమ్మా, నిజింగా ఆ గుంట మనసు మార్సుకున్నాదా? ఇప్పుడాడొస్తే కాదనదా?" అంది. "కాదనదు, కానీ తనంతట తను ఎలా పిలుస్తుంది? ఆడపిల్ల కదా" అన్నాను. ఆవిడ చేతులు కడుక్కుని, ఒంట్లో బాగులేదని చెప్పి వెళ్లిపోయింది.

నిన్న చవితికి షెడ్డు మూశారు, ఇవాళ తెరిస్తే ఆవిడ రాలేదు. పాపం, ఏమైందో.

సత్య

నర్సీపట్నం,
30 సెప్టెంబరు 2002.

భవానీ,

కొంప మునిగింది.

రాజులమ్మ ఎవరనుకున్నావు? ఆ నాతవరం సోమేశ్‌కి సొంత మేనత్త! నాకు తెలీదు. నీ మీద ఒట్టు, మా మామ్మ మీద ఒట్టు, నాకు తెలీదు. ఆవిడ పెళ్లిచూపులకి రాలేదు, నేనెప్పుడూ చూడలేదు.

మా వైపు సంగతి నీకు తెలుసు కదా. కాదన్న సంబంధం మళ్లీ కావాలంటే ఎవరూ ఎదురుగా అనరు. నూతి దగ్గరో, తీర్థంలోనో, వాళ్ల మనిషి వినేలా ఎవరి కథో చెప్పినట్టు చెబుతారు. వాళ్లు ఆ సైగ అందుకుని, ఏమీ ఎరగనట్టు మళ్లీ వస్తారు. ఇద్దరి పరువూ నిలబడుతుంది. మా పిన్ని పెళ్లే అలా కుదిరింది. ఈవిడ కూడా అలాగే అనుకుంది! నాతవరం దొర, మోటార్ల షాపు, పెద్దావిడకి మర్యాద చెయ్యకపోవటం, పిల్ల ఏడవటం... "నన్నెరిగే నాకు సెప్పింది, పాపం, కళ్లల్లో నీల్లు కూడా తిరిగీసినాయి" అని షేరాటో ఎక్కి నాతవరం వెళ్లి వాళ్లింట్లో చెప్పేసింది.

నిన్న అబ్బాయి మేనమామ అప్పలకొండగారు మా నాన్నకి కబురు పంపారు. దసరా వెళ్లాక ఆదివారం పళ్లు పట్టుకుని వస్తారట. "మీ పాప మనసు తెలిసింది, మాకు పాతవేటీ మనసులో నేవు" అన్నారట.

నాన్న ఇల్లు పీకి పందిరేశారు. "నా మాట జవదాటి నువ్వు కబుర్లంపుతావేటే? కన్నారావు కూతురు జీడిపిక్కల కాడ కూకుని మొగుణ్ణి పిలుసుకుందంటే నేను సెంటర్లో తిరగాలా వొద్దా?" అని. కథ చెప్పానంటే వినరు. "ఎవుడిదా కత? నాతవరం ఎందుకొచ్చిందందులోకి?" అంటే వంటింట్లోకి దూరిపోయాను. షెడ్డుకి వెళ్లటం మానిపించేశారు. వాళ్లు వస్తే "మా పిల్ల ఏదో కతలు సెప్పుకుంది, ఎల్లండి" అని మొహం మీదే చెప్పేస్తారట. రెండోసారి కూడా.

నిద్రపట్టటం లేదు. ఏం చెయ్యను? బేగి రాయి.

సత్య

విశాఖపట్నం,
4 అక్టోబరు 2002.

సత్యా,

బస్సు కండక్టరు మా అమ్మకి తెలిసినవాడు, ఆయన చేతికే ఇస్తున్నాను. పోస్టుని నమ్మను.

నువ్వు ఒట్ల మీద ఒట్లు పెట్టావు. రాజులమ్మ ఎవరో నీకు తెలీదు, ఒప్పుకున్నా. కానీ నువ్వా కథ ఎవరి గురించి చెప్పుకున్నావో ఆవిడకి తెలిసింది, నీకే తెలీలేదు. మూడు పుస్తకాలు పంపాను. మూడింటిలో ఒక్క దొరకీ సన్న మీసం లేదు. ఒక్కడూ గొంతు సవరించుకోలేదు. ఒక్క మాటకి జవాబు రాయి, నాకు కాదు, నీకు నువ్వే రాసుకో: నీకు ఆ మనిషి ఇష్టమా, కాదా?

కాదంటే, మీ నాన్నగారు చెప్పేదే సరి. వాళ్లకి అవమానం జరగకుండా ముందే కబురు చేయించు, రాజులమ్మని నేనొచ్చి బతిమాలతాను.

ఇష్టమైతే ఇది విను. పాత నవల్లో ఆ పిల్ల, వాడు మళ్లీ అడిగేదాకా నోరు కట్టుకుని కూర్చుంది. ఆ కాలంలో అంతకంటే ఏం చెయ్యగలదు? అదృష్టం బాగుండి వాడు వచ్చాడు. కానీ కొత్తగా రాసినవాళ్లు చూడు, మూడు చోట్లా అక్కడ మార్చారు. మొన్న గమనించలేదు, నీ ఉత్తరం వచ్చాక మళ్లీ తిరగేశాను. బేకరీ పిల్ల వాడి ఆఫీసుకి తనే వెళ్తుంది. లండన్ పిల్ల అందరిముందూ చెబుతుంది. ఆ అమెరికా గుంట కూడా! రెండొందల ఏళ్లకి ఆ ఒక్క మార్పు రావాలని రాశారేమో అన్నీ.

అడగందే అమ్మయినా పెట్టదంటారు. మీ నాన్నగారు చెడ్డవారు కాదు సత్యా. నేను మీ ఇంట్లో నాలుగు నెలలు తిని చదువుకున్నాను, నాకు తెలుసు. చేపలవాళ్ల పిల్లని పక్కన కూర్చోబెట్టుకుని కంచంలో నెయ్యి వేసిన మనిషి. ఆయనకి నీ మనసులో ఉన్నది తెలీదు, అంతే. చెప్పకపోతే ఎలా తెలుస్తుంది?

నాకు భయంగానే ఉంది, నీకు చెప్పినంత ధైర్యం నాకూ లేదు. అయినా చెబుతున్నాను.

నీ
భవాని

నర్సీపట్నం,
22 అక్టోబరు 2002.

నా భవానీ,

కూర్చో. టీ తాగుతూ చదువు. ఇది పొడుగు.

ముందు నీకు చెప్పనిది చెబుతాను. ఏప్రిల్లో ఆ రోజు నేను టీ గ్లాసులు పట్టుకొచ్చాను కదా. ట్రే లేదు, మా పిన్ని స్టీలు గ్లాసులు చేతికిచ్చేసింది. అందరూ నా మొహం చూస్తున్నారు, జడ చూస్తున్నారు. ఆయనొక్కడే నా వేళ్లు చూసి, మెల్లగా "కాలతన్నాయి, కింద పెట్టీయండి" అన్నాడు. అంతే. ఆ ఒక్క మాటే. ఐదు నిమిషాల తర్వాత మామ్మ వచ్చింది, ఆయన లేవలేదు, అంతా పోయింది. పొగరనే నేనూ అనుకున్నాను. కానీ పొగరున్నవాడికి నా వేళ్లెందుకు కనపడ్డాయని ఆరు నెలలుగా నాలో నేనే కొట్టుకుంటున్నాను.

ఆదివారం వచ్చారు. అప్పలకొండగారు, రాజులమ్మ, ఇంకో ఇద్దరు ఆడవాళ్లు, ఆయన. నేను వంటింటి తలుపు వెనక. నాన్న మొహం గంటు పెట్టుకుని ఉన్నారు. పళ్లు ఎక్కడ దింపాలో తెలీక వాళ్లు చేతుల్లోనే పట్టుకున్నారు. అంతలో మామ్మ కర్ర టకటకా వినిపించింది. ఆవిడ ఇంకా గుమ్మంలో ఉండగానే ఆయన స్ప్రింగులా లేచాడు! వంగి కాళ్లకి దణ్ణం పెట్టాడు. మామ్మ వదుల్తుందా? "ఇయ్యాల నెగిసినావు, ఆయేల నీ కాల్లకేటయిందిరా అబ్బాయ్?" అంది.

ఆయన గొంతు సవరించుకున్నాడు. నాకు నవ్వొచ్చింది, భయమూ వేసింది. "కాల్లకేటీ అవనేదు మామ్మగారూ. ఆ రోజు షేరాటోలో సోటు నేక ఎనకాల యేలాడుకుంటా వొచ్చినాను. దిగినప్పుడు రేకు పట్టీసి పేంటు ఎనకాల నిలువునా సిరిగిపోయింది. ఇంటికెల్లి మార్సుకొత్తానంటే మావయ్య ముహూర్తం దాటిపోతాదన్నాడు. గోడకి సేరబడి కూకో, నెగావంటే సంబంధం పోద్దన్నాడు" అన్నాడు. అప్పలకొండగారు తల కొట్టుకుని, "నెగనందుకే పోయింది తల్లీ!" అన్నారు.

ముందు మామ్మ మొదలుపెట్టింది నవ్వటం. పళ్లు లేని నోటితో, కర్ర పక్కన పడేసి, కళ్లు తుడుచుకుంటూ నవ్వింది. తలుపు వెనక నేను పమిట నోట్లో కుక్కుకున్నాను. ఒక మనిషి పరువు కాపాడుకోటానికి కదలకుండా కూర్చుంటే, దాన్నే పొగరని ఊరంతా చెప్పుకున్నాం కదే!

నాన్న మాత్రం నవ్వలేదు. "అయిందేదో అయింది. ఒకపాలి కాదన్నాక మల్లీ ఔనంటే నా మాటకి ఇలవేటుంటాది? మా పిల్ల కతలేవో సెప్పుకుంది, మీరు దాన్ని..." అని మొదలుపెట్టారు. రాజులమ్మ మొహం పాలిపోయింది. ఆయన తలొంచుకుని పళ్ల బుట్ట చేతిలోకి తీసుకున్నాడు. పోవటానికే.

నేను తలుపు తీసుకుని బయటికొచ్చాను భవానీ. "రాజులమ్మగారు అబద్ధం చెప్పలేదు. నేను కథే చెప్పాను. కానీ కథలో ఆ పిల్ల మనసు నాదే" అన్నాను. నాన్న వైపు చూసి, "నాకిష్టమే నాన్నా. ఆ రోజు కూడా ఇష్టమే" అనేశాను.

పిన్ని కెవ్వుమంది. నాన్న నన్ను కొట్టేస్తారనుకున్నాను. మామ్మ కిందపడ్డ కర్ర వెతుక్కుంటూ, "మరి ఆయేలే సెప్పనేదేటే గుంటా, ఇన్నాల్లూ ఈ ఏడుపేటి?" అంది.

"నన్నెవరూ అడగలేదు మామ్మా" అన్నాను.

కోపంగా అనలేదు. ఒట్టిగా అన్నాను, నిజం కాబట్టి. నాన్న నా వైపు తిరిగారు. ఆయనకి అడగాలని తోచలేదంతే, అది మొహంలో కనిపించింది. కండువా తీసి మొహం తుడుచుకున్నారు. ఇంట్లోకి వెళ్లిపోతారేమో అనుకున్నాను. వెళ్లలేదు. వాళ్లందరి ముందూ, గడపలో నిలబడ్డ నా దగ్గరికొచ్చి, చాలా మెల్లగా, "ఇప్పుడడుగుతన్నాను. సెప్పమ్మా, ఈ కుర్రోడు నీకిష్టమేనా?" అన్నారు.

అప్పుడే చెప్పాను కదా, మళ్లీ ఎందుకని ఎవరూ అనలేదు. నేనూ అనలేదు. నాన్న అడిగారు. నేను చెప్పాను.

నీ
సత్యశ్రీ